విశాఖలో మార్చి వాన

వాన చూడ్డానికి మార్చి నెలలో విశాఖపట్నం వెళ్ళే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఉంది. నేనే.

నేను పుట్టింది అనంతపురంలో. వాన మాకు చుట్టం లాంటిది, వస్తున్నానని కబురు పెట్టి రాకుండా ఎగ్గొడుతుంది. అలాంటి ఊరి పిల్ల వానల మీద పరిశోధన చేస్తానని పై రాష్ట్రంలో ఒక సంస్థలో చేరితే మా వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. నవ్వినవాళ్ళు నవ్వగా థీసిస్ చివరికొచ్చింది. ఒక్క అధ్యాయం దగ్గర మాత్రం పీటముడి పడింది.

ముందు ఆ ముడి సంగతి చెప్పాలి, లేకపోతే నేనక్కడ మేడెక్కి ఆకాశం వంక ఎందుకు చూస్తూ కూర్చున్నానో మీకు అర్థం కాదు. నీళ్ళన్నీ ఒకటే అనుకుంటాం. కాదు. నీటి అణువుల్లో వెయ్యికి ఏ రెండింటిలోనో కాస్త బరువైన ఆక్సిజన్ ఉంటుంది. రుచిలో తేడా తెలియదు, యంత్రానికి తెలుస్తుంది. ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు మూటలున్నవాళ్ళు వెనకబడ్డట్టు, సముద్రం నుంచి ఆవిరి లేచేటప్పుడు బరువు నీళ్ళు వెనకబడతాయి. మబ్బు కురిసేటప్పుడేమో బరువువే ముందు రాలిపోతాయి. అందుకని చిన్న తుంపర నీళ్ళు బరువుగా ఉంటాయి, రోజుల తరబడి కుండపోతగా కురిసిన తుపాను నీళ్ళు తేలికగా ఉంటాయి. చెంచాడు వాననీళ్ళిస్తే అవి ఎలాంటి మబ్బులోంచి వచ్చాయో ఇంచుమించు చెప్పేయొచ్చు.

బొర్రా లాంటి గుహల్లో ఈ నీరే చుక్కచుక్కగా రాలి రాయిగా పెరుగుతుంది. ఏ కాలంలో వానలు విరగబడి కురిశాయో, ఏ కాలంలో మొహం చాటేశాయో ఆ రాతి పొరల్లో ఉంటుంది. కానీ పాత వానల్ని చదవాలంటే ముందు ఇవాళ్టి వానను నెలనెలా చదవడం రావాలి. అందుకే ఊరూరా మేడల మీద గరాటు, డబ్బా పెట్టాం.

విశాఖ గరాటు సముద్రం ఒడ్డున జాలరిపేటలో ఒక మేడ మీద ఉంది. నెలాఖరున ఆ ఇంటావిడ డబ్బాలోని వాననీళ్ళు సీసాలో పోస్తుంది, అక్కడి కాలేజీ అటెండరు వచ్చి తీసుకెళ్ళి మాకు పార్సిల్ చేస్తాడు. జనవరి నుంచి మార్చి దాకా విమానాశ్రయంలో వాన కొలిచేవాళ్ళ లెక్కల్లో అక్కడ వాన ఉండదు. మా సీసాలో మాత్రం ప్రతి ఏడూ నీళ్ళు! పైగా వాటి బరువు ఏ ఏడు చూసినా ఒక్కటే. తుంపరంత బరువూ కాదు, తుపానంత తేలికా కాదు. నేను ఎగిరి గంతేశాను. ఒడ్డు మీద మాత్రమే పడి ఊళ్ళోకి రాని వాన ఒకటుందనీ, దాని ఆవిరి వేరే దారిన వస్తోందనీ ఒక అధ్యాయం రాసిపారేశాను. 'తీరపు తుంపర' అని పేరు కూడా పెట్టాను.

మా గైడు సారు అది చదివి కళ్ళజోడు తీశారు. "ఈ తుంపర నువ్వు చూశావా? ఎవరైనా చూశారా? వెళ్ళి నీ కళ్ళతో చూసి రా. లేదంటే అధ్యాయం తీసెయ్" అన్నారు. అది తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేవి అంకెల పట్టికలే. ఇంకో ఏడాది కూర్చోవాలి. నాకు ఫెలోషిప్ ఆగస్టుతో సరి. అదీ నా బాధ, అందుకే మార్చిలో వాన.

స్టేషన్ నుంచి గాజువాక

రైలు దిగి బయటికి రాగానే ఉప్పగాలి మొహానికి కొట్టింది. ఆటో ఎక్కితే డ్రైవరు ఊరికే ఉండలేదు. "ఏ పని మీదొచ్చేరు మేడమ్?"

"వాన చూడ్డానికి."

అతను వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్ళీ రోడ్డు చూసి, "ఇప్పుడేటి వాన మేడమ్! జూన్‌కి రండి. తుపానొత్తే మీరు సూడక్కర్నేదు, అదే మిమ్మల్ని సూత్తాది" అన్నాడు.

దారి పొడుగునా పోర్టే. ఎర్ర ఖనిజం దుమ్ము చెట్ల మీద, గోడల మీద, ఆగి ఉన్న లారీల మీద. ఆ చెట్లు వేపో తురాయో చెప్పలేం, ఆకులన్నీ ఒకే రంగు. ఇక్కడ గరాటు పెట్టి ఉంటే సీసా నిండా బురదే వచ్చేది. మా వాన స్టేషన్‌ని ఊరి అవతల జాలరిపేటలో పెట్టినవాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

గాజువాకలో నా స్నేహితురాలి అక్క రాజ్యలక్ష్మి గారింట్లో దిగాను. వాళ్ళాయనకు స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, వాళ్ళది గోదావరి వైపు. ఆవిడ వడ్డించిన వంకాయ పులుసు నోట్లో పెట్టుకుంటే బెల్లం! మా అనంతపురంలో పులుసు తింటే కళ్ళలో నీళ్ళు తిరగాలి. నా మొహం చూసి ఆవిడ, "ఆయ్, కాస్త బెల్లం తగిల్తేనే కదండీ పులుసుకి ఓ పద్ధతి" అంది. ఈ ఊరొచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడకు ఇక్కడి ఏదీ నచ్చలేదు. చేపలు ఉప్పనంట, మాటలు మొరటంట, చివరికి వాన కూడా. "మా వైపు వానండీ, పెద్దమనిషిలా వచ్చి పెద్దమనిషిలా వెళ్తుంది. ఇక్కడిది తలుపులు ఊడబీకుతుందండీ." ఈ మాట మాత్రం మా పట్టికలతో సరిపోయింది.

ఆటోనగర్లో గరాటు

జాలరిపేట గరాటు ఉప్పగాలికి తుప్పు పట్టిందని అటెండరు చెప్పాడు. కొత్తది చేయిద్దామని ఆటోనగర్ వెళ్ళాను. కొలతలు చెబితే రేకు పని చేసే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, పక్క షెడ్డులో ఉన్నాయనకు వినపడేలా అరిచాడు. "బావా! ఈ అమ్మగారు సారా బట్టీ పెడతన్నట్టున్నారు, సూడు!"

"వాన పట్టడానికయ్యా" అన్నాను.

"వాన పట్టడానికి గరాటెందుకమ్మా, బాల్చీ సాలదా?"

ఆవిరైపోతే బరువు నీళ్ళే మిగిలి లెక్క తప్పుతుందని, అందుకే సన్నమూతి గరాటు, లోపల ఒక పింగ్‌పాంగ్ బంతి, కింద మూతున్న డబ్బా అని అరగంట చెప్పాను. అంతా విని, "ఎంత సదువుకున్నా సివరికి వాననీళ్ళేనా" అని జాలిపడి, బేరం లేకుండా చేసిపెట్టాడు. ఆ గరాటు నెత్తిన పెట్టుకుని సిటీబస్సు ఎక్కితే కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టాడు. ఒళ్ళు మండింది గానీ బస్సంతా నవ్వుతుంటే ఏం చేస్తాను, నేనూ నవ్వాను.

జాలరిపేట మేడ

ఆ ఇంటావిడ పేరు అప్పలనరసమ్మ. యాభై దాటిన మనిషి, పొద్దున్నే చేపల గంపతో ఊళ్ళోకి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. భర్త పోలయ్య ఇంకా వేటకు పోతూనే ఉన్నాడు. నేను "అమ్మా" అని పిలిస్తే ఆవిడకు కోపం వచ్చింది. "అంత ముసిల్దాన్నేటి? అప్పా అను."

మా వైపు కొన్ని ఇళ్ళల్లో అప్ప అంటే నాన్న. ఇక్కడ అక్క. మొదటి రోజంతా నాకు మీసాలున్న అప్పలనరసమ్మే కళ్ళముందు కనిపించి నవ్వాపుకోలేకపోయాను.

మధ్యాహ్నం ఆవిడ చేపల పులుసు పెట్టింది. మాకు చేప అంటే ఏడాదికోసారి చెరువు చేప. ముళ్ళు తీయడం రాక, ఒకటి గొంతులో ఇరుక్కుని నేను గుడ్లు తేలేస్తే, ఆవిడ కంగారేమీ లేకుండా అన్నం ముద్ద చేసి నోట్లో కుక్కింది. "నమలకు, మింగీ." ముల్లు దిగిపోయింది. "సేప తినడం రాదు గానీ సముద్రం సదూతాదంట" అని పోలయ్యతో అంది. పోలయ్య వల కుట్టుకుంటూ తల పంకించాడు. ఆయన మాట్లాడగా నేను విన్నది తక్కువ.

మేడ మీద కొత్త గరాటు బిగిస్తూ డబ్బా మూత తీసి చూశాను. పొడి. నెల ఇంకా అయిపోలేదుగా అని గుండె దిటవు చేసుకుని, ఆవిడ పక్కనే చాప వేయించుకుని అక్కడే మకాం పెట్టాను.

మూడో రోజు పొద్దున నిద్ర లేచేసరికి సముద్రం కనపడటం లేదు. మంచు! దట్టంగా, తెల్లగా, పడవల్ని కూడా మింగేసింది. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. జుట్టు తడిసింది, చేతులు తడిశాయి, గరాటు లోపల సన్నని బొట్లు పేరుకున్నాయి. ఇదే నా తుంపర అనుకున్నాను. ఆనందం పట్టలేక మేడ మీద గెంతాను కూడా.

"ఏటి తల్లీ ఆ గెంతులు? సపటా కూలిపోగల్దు" అని కిందినుంచి కేక.

"మంచు అప్పా! మంచు!"

"మంచు కాకపోతే పొద్దున్నే మరేటుంతాది?"

ఆ బొట్లు ఒక్కటీ కిందికి దిగలేదు. ఎండ రాగానే గరాటు మళ్ళీ పొడి, డబ్బా ఎప్పట్లాగే పొడి. నేను మాత్రం జలుబు పట్టించుకున్నాను.

రుషికొండ

నెలలో ఆఖరి రోజు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని బస్సెక్కి రుషికొండ వెళ్ళాను. కొండ పక్కన కొత్త బిల్డింగులకు నేల చదును చేస్తున్నారు, కింద ఒడ్డున మాత్రం మనుషులు రెండు వరుసలుగా నిలబడి పెద్ద వల లాగుతున్నారు. నన్ను చూసి ఒక మనిషి "సూత్తావేటి, పట్టు!" అంది. పట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. వల ఒడ్డుకొచ్చాక నా వాటా కింద గుప్పెడు నెత్తళ్ళు, వేలెడంత చేపలు, కొంగులో పోశారు. అంత గర్వం నాకు ఎంఎస్సీ పట్టా తీసుకున్నప్పుడు కూడా లేదు.

తాడు చుడుతున్న ఒక ముసలాయన్ని అడిగాను. "తాతా, ఈ నెలల్లో ఒడ్డు మీద తుంపర పడుతుందా?"

"పడతాది."

ఆయన పక్కనే ఇసకలో చతికిలబడ్డాను. "ఎప్పుడు పడింది?"

ఆయన బాగా ఆలోచించాడు. "నా పెళ్ళినాడు పడింది" అన్నాడు.

సీసా

సాయంత్రం తిరిగొచ్చేసరికి అప్పలనరసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సీసా. అటెండరుకు బదులు ఈసారి నేనే తీసుకెళ్తానని ముందే చెప్పాను. మూత బిగించి, చుట్టూ మైనం కూడా పూసింది. అందులో సగానికి నీళ్ళు!

"వాన పడిందా? నేను లేనప్పుడు పడిందా?" అని అరుస్తూ, జవాబు వినకుండా మేడెక్కాను. మేడ నేల కాలుతోంది. ఆవిడ ఎండేసిన చేపలు గలగలలాడుతున్నాయి. డబ్బా పొడి. మెల్లగా దిగొచ్చాను.

"అప్పా, వాన పడలేదు కదా?"

"పడనేదు."

"మరి సీసాలో ఈ నీళ్ళు?"

"నానే పోసినాను."

"ఎందుకు?"

"ఎందుకేటి?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఖాళీ సీసా మనిసి సేతికెలగ ఇత్తాను తల్లీ?"

మా అమ్మ కూడా అంతే. పక్కింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపదు, ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేస్తుంది. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ సీసా కూడా ఒక గిన్నేనని, మా సంస్థ కూడా ఒక పక్కిల్లేనని నాకు తట్టలేదు.

"ప్రతి ఏడూ పోస్తున్నావా?"

"వాన నేని నెలల్లో పోత్తన్నాను. ఆ అటెండరు బాబు అంత దూరం నుంచొచ్చి ఖాళీ సీసా అట్టుకెల్తే ఆ ఇంటికి మంచిదేటి?"

నాకు కోపం ఆగలేదు. నా అధ్యాయం పోయింది, నా ఏడాది పోయింది, నువ్వు నన్ను ముంచేశావని నోటికొచ్చినట్టు అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. పోలయ్య వల పక్కన పెట్టి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"దొంగిలిత్తే తప్పుగానీ, పోత్తే తప్పేటి తల్లీ?" అంది.

కళ్ళు తుడుచుకున్నాక అసలు భయం పట్టుకుంది. వానాకాలం సీసాల్లోనూ పోసి ఉంటే మొత్తం స్టేషనే చెత్తబుట్టలోకి. ఆ మాటే అడిగాను.

"అప్పుడెందుకు పోత్తాను? కొంచెముంటే ఖాళీ కాదు కదా!"

బతికాను అనుకున్నాను. వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. కుళాయి నీళ్ళయితే ఏడాదికోలా ఉండాలి. ఎండకు మాడే చెరువుల నీళ్ళు అవి, బరువెక్కుతాయి. ప్రతి ఏడూ అదే అంకె ఎలా వస్తుంది?

"ఏ నీళ్ళు పోశావు అప్పా?"

ఆవిడకు ఈసారి నిజంగా రోషం వచ్చింది. "కుళాయి నీళ్ళు నీ ఇంటికి అంపుతానేటి? సింహాద్రప్పన్న గంగధార నీళ్ళు! దేవుడి మూల క్యానులో పట్టి ఉంచుతాను."

సింహాచలం

మర్నాడు పొద్దున ఇద్దరం కొండెక్కాం. గుడి దగ్గర కొండ రాళ్ళలోంచి ఊరి పడే గంగధార కింద తలంటు పోసుకునేవాళ్ళ మధ్య నేను సీసా పట్టుకుని నిలబడ్డాను. ఎండలు మండే రోజుల్లో కూడా ధార చల్లగా పడుతోంది.

కొండ మీద ఇవాళ కురిసిన వాన ఇవాళే ధారలోకి రాదు. రాళ్ళ సందుల్లోంచి దిగుతూ, ముందెప్పుడో కురిసిన వానలతో కలిసిపోయి, తీరిగ్గా బయటికొస్తుంది. అందులో తుపానుంది, జల్లుంది, ఎండిపోయిన ఏడాది ముక్కుతూ మూలుగుతూ కురిసిన నాలుగు చినుకులూ ఉన్నాయి. అన్నీ కలిసిన సగటు అది. అందుకే ఆ అంకె కదలలేదు. కొత్త వాన దొరికిందని ఇన్నాళ్ళూ నేను మురిసిపోయింది ఈ కొండ సగటును చూసి. గుహలో రాయి మీద రాలేది కూడా ఇలా కలిసి వచ్చిన నీరే కాబట్టి, ఈ సగటు మాకు పనికొచ్చేదే. కానీ దాన్ని ధార దగ్గరే, తేదీ వేసి, మొదటినుంచీ పట్టాలి. అప్పలనరసమ్మ క్యానులో నీళ్ళను నా పట్టికలో వాన అని ఉంచలేను.

కొండ దిగి ఎస్టీడీ బూత్ నుంచి సారుకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. బిల్లు తిరుగుతోంది. చివరికి, "మిగతా నెలలు బాగున్నాయా?" అన్నారు. బాగున్నాయన్నాను. "సరే, అధ్యాయం తీసెయ్. స్టేషన్ ఉంచుదాం. కానీ వాన లేని నెల ఖాళీ సీసానే రావాలి. ఈ మార్చిది ఖాళీగా తీసుకురా. ఇంకొక్కసారి నీళ్ళొస్తే ఆ ఇంటి సీసా ఆపేస్తాను."

ఆవిడకు చెప్పాను. సీసాలో నీళ్ళు పారబోయబోతే చెయ్యి పట్టుకుంది. "అప్పన్న నీళ్ళు నేల మీద పోత్తావేటి?" నిజమే కదా. నా మార్చి నెల శాంపిల్‌ని మేమిద్దరం చెరిసగం తాగేశాం.

గుమ్మం దగ్గర

సాయంత్రం రైలు. సీసా తుడిచి, ఆరబెట్టి ఆవిడే తెచ్చింది. తెచ్చింది గానీ ఇవ్వదు. రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడింది.

"ఆడపిల్ల గడప దాటతంటే ఖాళీ సీసా సేతిలో పెట్టమంతావు. నీకేటైనా అయితే?"

"ఏమీ కాదు అప్పా. నీళ్ళు లేవని చెప్పడం కూడా కబురే. అది కూడా మేం రాసుకుంటాం."

"రాసుకోడానికి నీకేటి, ఇచ్చీది నాను కదా."

"ఇవ్వకపోతే మేడ మీద గరాటు తీసేస్తారు."

ఆవిడ మేడ వైపు చూసింది. నా రైలుకు టైమైపోతోంది, అయినా తొందరపెట్టడానికి నాకు నోరు రాలేదు. ఉన్నట్టుండి వంగి సీసాను గడప పక్కన నేల మీద పెట్టింది. పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

"నాను ఇవ్వనేదు" అంది గోడతో. "ఎవులైనా తీసుకుంతే నాకు తెల్దు."

నేను వంగి తీసుకున్నాను. అంటించిన చీటీ మీద 'మార్చి, వాన లేదు' అని రాశాను. ఆ మూడు మాటలతో నా అధ్యాయం పోయింది. ఏడుపుతో పాటు నవ్వు కూడా వచ్చింది. సీసా సంచిలో అడుగున పెట్టి బట్టలు కప్పాను.

"తీసుకున్నాను, ఇటు తిరుగు అప్పా. సీసా లోపల పెట్టేశాను."

ఆవిడ తిరిగింది. కళ్ళు తుడుచుకుని నా రెండు ఖాళీ చేతుల వంక చూసింది.

"ఏ సీసా?" అంది.